పదకొండు మైళ్ల కోర్టు

వెండెల్, ఒరెల్ కౌంటీ, కాన్సాస్
1957 నవంబరు 12

మరిది ఆర్లోకి,

ఓడిపోయాం. రెండువందల పన్నెండు ఓట్ల తేడా. కోర్టు లూమిస్‌కి పోతోంది. డెబ్భై ఏళ్లుగా మన మీద పళ్లు నూరుతున్న లూమిస్ వాళ్లు మర్నాడు పొద్దున్నే కార్లేసుకొచ్చి, హారన్లు మోగిస్తూ కోర్టు చుట్టూ మూడుసార్లు తిరిగిపోయారు. మా రిజిస్ట్రారు ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి చూశాను. తెర వేసుకోలేదు. నా మొహం కూడా వాళ్లు చూడాలనే అనుకున్నాను.

కొత్త కోర్టు నమూనా బొమ్మ గోడకి అంటించారు. ఒకటే అంతస్తు, చదును కప్పు, ఎర్ర ఇటుక. గుడ్లు సర్దే షెడ్డుకి జెండాకర్ర పాతినట్టుంది. అదైనా సరేలే అనుకుందును. మన కోర్టుని వేసవిలోపు పడగొట్టేస్తారట. రాయంతా మరలో వేసి కంకర కొట్టి లూమిస్ రోడ్డుకి పరుస్తారట. కమిషనర్ల పెద్ద హార్లన్ ప్రూట్, అదే, మీ అమ్మ పోయాక ఆవిడ ఇల్లు కొన్నాడే, అతను మీటింగులో లేచి చెప్పాడు: "డెబ్భై ఏళ్లు కూర్చుని తిన్న రాయి, ఇప్పుడైనా పన్జెయ్యనీండి." అందరూ నవ్వారు. మనవాళ్లు కూడా కొందరు నవ్వారు.

ఇక అసలు సంగతి. మీ తాత ఎజ్రా ట్రెడ్‌వే ఆ స్థలాన్ని కౌంటీకి ఊరికే ఇవ్వలేదు. మొదటి దస్తావేజుల పుస్తకం మూడో పేజీ తీసి మళ్లీ చదివాను. "ఈ స్థలంలో కోర్టు నడిచినంతకాలం ఇది కౌంటీది. నడవనినాడు స్థలమూ, దానిమీది కట్టడమూ నా వారసులవి." లూమిస్ వాళ్లు ఎప్పటికైనా కోర్టుని ఎత్తుకుపోతారని ఆ ముసలాయనకి తెలుసు. ఆ భయంతోనే ఆ మాట రాయించాడు.

వారసులంటే ఇప్పుడెవరు? మీ అన్న పోయాడు. మాకు పిల్లల్లేరు. ట్రెడ్‌వేల్లో మిగిలింది నువ్వొక్కడివే. కోర్టు లూమిస్‌కి పోయిన రోజున ఈ కట్టడం నీదవుతుంది. కౌంటీదైతే పడగొట్టుకోవచ్చు గానీ నీదాన్ని పడగొట్టలేరు. కోర్టు నిలుపుకోలేకపోయాం, కనీసం గోడలైనా నిలుపుకుందాం. అది కూడా పోతే వెండెల్‌లో మిగిలేది రెండు చర్చిలూ ఒక పెట్రోలు బంకూ.

సలైనాలో బెక్‌నెల్ అనే లాయరు ఉన్నాడు. నీ సంతకం ఉంటే దావా కాగితం వేస్తానన్నాడు. వెంటనే రాయి.

మీ వదిన
లూయెల్లా


టకోమా, వాషింగ్టన్
డిసెంబరు 2

వదినా,

ఉత్తరం అందింది. ఆలస్యానికి కోప్పడకు. షిప్‌యార్డులో పని ఎక్కువగా ఉంది, పైగా ఇక్కడ రోజూ వానే. ఎండ ఎలా ఉంటుందో మర్చిపోయాను.

నన్ను కోర్టుకి యజమానిని చేస్తానంటున్నావు. వదినా, నేనుండేది రెండు గదుల్లో. కింద చేపల దుకాణం. నాకు గంట స్తంభం, దస్తావేజుల ఇనప గదీ, ఇరవైరెండు మెట్లూ ఎందుకు చెప్పు? శుక్రవారం శుక్రవారం వెళ్లి నాకు నేనే శిక్ష వేసుకోనా?

నువ్వు దస్తావేజు గురించి రాస్తే నాకు మాత్రం తాత చెప్పిన ఆవు కథే గుర్తొచ్చింది. మొదటి కోర్టు లూమిస్‌లో గడ్డిపెళ్లలు పేర్చిన ఇల్లే కదా. కప్పు మీద గడ్డి మేస్తున్న ఆవు కాలు జారి, సరిగ్గా గుర్రాల దొంగ మీద తీర్పు చదువుతుంటే జడ్జిగారి బల్ల మీద పడిందట. జడ్జి కాగితాలు దులుపుకుని "సాక్షి ఆలస్యంగా వచ్చింది" అన్నాడట. మనం ఆ గడ్డిపెళ్లల దగ్గరే ఆగిపోయి ఉంటే బాగుండేది. పడగొట్టడానికి ఒక ఆవు సరిపోయేది.

నాకు ఆలోచించుకోవడానికి టైమివ్వు. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఇంకా శనివారం శనివారం గడియారానికి కీ ఇవ్వడానికి స్తంభం ఎక్కుతున్నావా? మానెయ్యి. ఆ గడియారం నాలుగు మొహాల్లో ఏ రెండూ ఎప్పుడూ ఒకే టైము చూపించలేదు.

నీ మరిది
ఆర్లో


వెండెల్
డిసెంబరు 15

ఆర్లోకి,

టైము కావాలట, టైము. ఫిబ్రవరి ఒకటి లోపు కాగితం పడాలి. నీకేమో ఆవు గుర్తొచ్చింది. నువ్వు నీళ్లు నమలడం నాకు కొత్తేం కాదు. నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు నీకు పదకొండేళ్లు. జామ్ సీసా పగలగొట్టి ఇలాగే వాన గురించి మాట్లాడావు.

నీకు ఆవు గుర్తుంటే మిగతాది నేను గుర్తుచేస్తాను. లాయరు కోసం మూడు కోర్టుల చరిత్రా రాస్తున్నాను, నువ్వూ విను. రెండోది చెక్క కోర్టు, అదీ లూమిస్‌లోనే కట్టారు. ఎనభై ఆరులో కోర్టు ఏ ఊళ్లో ఉండాలన్న ఓట్లు మనకి పడ్డాయి. లూమిస్ వాళ్లు తాళం వేసుకుని లోపల తుపాకులతో కూర్చున్నారు. మీ తాతా, మరో ముప్ఫైమందీ నలభై కంచరగాడిదల్ని తోలుకెళ్లారు. లోపల మనుషులుండగానే కోర్టుని పునాది నుంచి లేపి, కింద దుంగలు వేసి, లాక్కొచ్చారు. పదకొండు మైళ్లు, అయిదు రోజులు. మూడో రోజుకి లోపలున్న లూమిస్ వాళ్లు ఆకలికి ఆగలేక కిటికీలోంచి దూకి, మనవాళ్ల దగ్గరే బీన్సు తిని, నడుచుకుంటూ ఇంటికి పోయారు. ఈ సంగతి లూమిస్‌లో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు.

ఆ తర్వాతే మన రాతి కోర్టు. ఇంకెవ్వడూ దుంగలేసి లాగలేనిది కట్టాలన్నారు. నాలుగు మైళ్ల అవతల గనిలో రాయి తీశారు. నేలలోంచి తీసినప్పుడు రంపంతో కోసేంత మెత్తగా ఉంటుంది, గాలి తగిలి ఏడాది తిరిగేసరికి ఉలికి లొంగదు. పచ్చటి వెన్న రంగు. సాయంత్రం పడమటి గోడ చూస్తే పొయ్యిలోంచి తీసిన రొట్టెలా ఉంటుంది. స్తంభం సగానికి వచ్చేసరికి రాయి చాలక, పైభాగం రేకుతో కట్టి, రాయిలా కనపడేట్టు గీతలు గీసి రంగేశారు. కింద నుంచి చూస్తే ఎవరికీ తెలియదు. పై నుంచి వడగళ్లు పడ్డప్పుడు మాత్రం ఊరంతటికీ తెలుస్తుంది.

ఇదంతా లాయరు కోసం. నీ కోసం ఇంకొకటి ఉంది. గడియారం గదిలో సున్నపు గోడ మీద మీ అన్న పెన్సిలు రాతలున్నాయి. లాయిడ్ ఇరవైఅయిదేళ్లు ప్రతి శనివారం కీ ఇచ్చి తారీకు రాసేవాడు, పక్కనే ఒక మాట. "గాలి." "మిడతలు." "దుమ్ము, ఏమీ కనపడలేదు." "లూ పుట్టినరోజు, పావురం గుడ్లు పెట్టింది." ఇంట్లో నాతో రోజుకి పది మాటలు మాట్లాడని మనిషి. ఆయన మాట్లాడిందంతా ఆ గోడ మీదే ఉంది. నేను ఎక్కేది గడియారం కోసం అనుకుంటున్నావా?

ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పాను. సంతకం పెట్టు.

లూయెల్లా


టకోమా
1958 జనవరి 6

వదినా,

సంతకం పెట్టను.

నువ్వు మూడు కోర్టులు రాశావు, నాకు తెలిసింది ఒకటే కోర్టు. ముప్ఫైనాలుగులో ఆ మెట్ల మీద మన పొలం వేలం వేశారు. షెరిఫ్ పై మెట్టు మీద నిలబడి చదివాడు. నాన్న కింద మెట్టు మీద, టోపీ చేతిలో పట్టుకుని. చర్చిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. తాత ఇచ్చిన స్థలంలో, తాత మోసిన రాళ్ల మీద, కొడుకు పొలం అమ్మారు. నువ్వప్పుడు లోపల ఆ అమ్మకాన్ని పుస్తకంలోకి ఎక్కిస్తున్నావు. నిన్ను తప్పుపట్టడం లేదు, అది నీ ఉద్యోగం. నేను ఆ మర్నాడే రైలెక్కాను.

ఆ రాయి కంకరైపోతే నాకేం బాధ లేదు. దాని మీద లారీలు నడవనీ.

అన్న రాతల సంగతి నాకు తెలియదు. తెలిసుంటే బాగుండేది. ఒక పుస్తకంలోకి ఎక్కించుకో, నీకు అలవాటే కదా. ఇక దీని గురించి నాకు రాయకు, లాయరు దగ్గరికి పోకు. తిట్టాలనుకుంటే నన్ను తిట్టుకో, పడతాను.

ఆర్లో


వెండెల్
జనవరి 14

ఆర్లో ట్రెడ్‌వేకి,

పిరికివాడివని ఎప్పుడో తెలుసు. కుళ్లుబోతువని ఇప్పుడు తెలిసింది. మీ నాన్న అదే మెట్ల మీద నిలబడ్డాడు గానీ పారిపోలేదు. పొలం పోయాక ఆ కోర్టుకే కాపలాదారుగా చేరి, పోయేదాకా ఆ మెట్లే ఊడ్చాడు. నీలాగా రైలెక్కి, పాతికేళ్లకి అక్కసు కక్కలేదు.

నీ సంతకం నాకక్కర్లేదు. వారసుడు పట్టించుకోకపోయినా వారసుడి అన్న భార్యకి ఏదైనా హక్కు ఉంటుందేమో చూస్తాను. ట్రెడ్‌వేల పేరున్న ప్రతి కాగితమూ తీసుకుని బెక్‌నెల్ దగ్గరికి పోతున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ పుస్తకాల మధ్యే బతికాను. వాటిల్లో నాకు దొరకనిది ఏదీ ఉండదు.

ఇదే ఆఖరి ఉత్తరం.

లూయెల్లా ట్రెడ్‌వే


టకోమా
జనవరి 20

వదినా,

పోకు. ఆ పుస్తకాలు తియ్యకు. నా మాట ఒక్కసారి విను, జన్మలో ఇంకేమీ అడగను. ఆఫీసుకి సెలవు పెట్టి ఇక్కడికి వచ్చెయ్యి. రైలు టిక్కెట్టు ఇందులోనే పెట్టాను. పక్క గది ఖాళీగా ఉంది, వాసన వస్తుంది గానీ సముద్రం కనిపిస్తుంది. వసంతం అయ్యాక, అంతా అయిపోయాక వెనక్కి వెళ్దువుగాని.

ఆర్లో


వెండెల్
ఫిబ్రవరి 9

ఆర్లో,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను సలైనా వెళ్లొచ్చేశాను.

బెక్‌నెల్ మర్యాదస్థుడు. నన్ను కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. నేను తీసుకెళ్లిన కాగితాలన్నీ ఒక్కొక్కటే చదువుతూ, మీ అమ్మ ఇంటి అమ్మకం దస్తావేజు దగ్గర ఆగాడు. నలభై ఆరులో ఆవిడ పోయాక నువ్వు ప్రూట్‌కి అమ్మినప్పటిది. అది నేనే టైపు చేసి, నీకు పోస్టులో పంపితే, నువ్వు సంతకం పెట్టి తిప్పి పంపావు. ఆ ఇంటి కొలతలన్నీ రాసిన తర్వాత, ఆఖర్న ఒక వాక్యం ఉంది. "ఈ కౌంటీలో నాకున్న, ఇకముందు రాగల మిగతా హక్కులన్నీ కూడా ఇందుమూలంగా కొన్నవారికే చెందును."

ఆ వాక్యం ప్రతి దస్తావేజులోనూ పెడతాను, ఆర్లో. నాకు ముందు ఈ ఉద్యోగం చేసిన ఆయన నేర్పాడు. కంచె అవతల అడుగు నేల, పాత బావి దారి లాంటివి రాయడం మర్చిపోతే తర్వాత తగువులు రాకుండా. ఒరెల్ కౌంటీలో నా చేతి మీదుగా పోయిన కాగితంలో తగువు రాదని పేరు. ఆ పేరు కోసం, ఎవరూ అడక్కుండా, అలవాటుగా కొట్టేసే వాక్యం. నీ తాత ఇచ్చిన హక్కు ఆ వాక్యంతో పాటు ప్రూట్ చేతికి పోయింది. వాడికీ అప్పుడు తెలియదు. కిందటి అక్టోబరులో కౌంటీ లాయరు పట్టుకున్నాడట. ప్రూట్ ఆ హక్కుని కౌంటీకి వదిలేస్తూ కాగితం రాసిచ్చాడు. ఇక దాన్ని ఆపగలిగినవాడు భూమ్మీద లేడు.

బెక్‌నెల్ ఇంకో మాట కూడా అన్నాడు. "అక్టోబరులోనే మీ మరిదికి నకలు పంపారమ్మా. ఆయన అభ్యంతరం లేదని జవాబిచ్చారు." ఆ నకలు కింద టైపు చేసినవాళ్ల పొడి అక్షరాలు ఉంటాయి. అంటే నేను నీకు మొదటి ఉత్తరం రాసేనాటికే నువ్వు వాటిని చూసేశావు. మూడు నెలలు నాతో ఆవు గురించి మాట్లాడావు, వాన గురించి మాట్లాడావు. చివరికి నాన్న టోపీ అడ్డం పెట్టుకున్నావు. కుళ్లుబోతు అనిపించుకున్నావు.

బస్సులో తిరిగొస్తూ ఏడుద్దామనుకున్నాను. రాలేదు. కంచే చేను మేసిందని ఇంకెవరి గురించో అనేదాన్ని.

మొన్న సోమవారం ప్రూట్ వదిలేసిన కాగితం రిజిస్ట్రేషనుకి వచ్చింది. ప్రూట్ తనే తెచ్చాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను, చెయ్యలేదు. టోపీ తీసి, "నేను అడిగి రాయించుకున్నది కాదు లూయెల్లా, అది నీకూ తెలుసు" అన్నాడు. తెలుసు అన్నాను. ముద్ర వేసి, నా చేత్తోనే పుస్తకంలోకి ఎక్కించాను. అది నా ఉద్యోగం.

నువ్వు చెప్పకుండా ఉండాల్సింది కాదు. చెప్పినా ఒరిగేదేమీ లేదు. రెండూ నిజమే.

లూయెల్లా


టకోమా
ఫిబ్రవరి 17

వదినా,

కౌంటీ నుంచి ఆ నకలు వచ్చిన రోజున నీ పొడి అక్షరాలు చూసి, కాగితం మడిచి బూటులో పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు. వారం రోజులు దాని మీదే నడిచాను.

నన్ను అసహ్యించుకుంటూ నువ్వు ఇంకో ఇరవయ్యేళ్లు హాయిగా బతుకుతావనుకున్నాను. నిన్ను నువ్వు అసహ్యించుకుంటే బతకలేవనుకున్నాను. పెద్ద తెలివైన ఆలోచన అనుకున్నాను. పుస్తకాల్లో నీకు దొరకనిది ఉండదని మర్చిపోయాను.

మెట్ల మీద నాన్న సంగతి మాత్రం అబద్ధం కాదు. కానీ వదినా, నువ్వు అన్న రాతల గురించి రాసిన రోజున ఆ హక్కు ఇంకా నా చేతిలో ఉంటే, లాయరు కాగితం మీద సంతకం పెట్టి పంపేవాణ్ణి. మోకాళ్ల మీద నడిచొచ్చి ఇచ్చేవాణ్ణి.

టిక్కెట్టు జూన్ దాకా చెల్లుతుంది.

ఆర్లో


వెండెల్
మే 25

ఆర్లో,

టిక్కెట్టు తిప్పి పంపుతున్నాను.

ఏప్రిల్‌లో పడగొట్టారు. తొమ్మిది రోజులు పట్టింది. రేకు భాగం మొదటి గంటలోనే ఊడొచ్చింది. రాయి మాత్రం సతాయించింది, మర రెండుసార్లు విరిగింది. విరిగినప్పుడల్లా ఊళ్లో వాళ్లు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. మూడో మర తెచ్చారు, అది విరగలేదు.

లాయిడ్ రాతలు ఎక్కించుకోమన్నావు కదా. మార్చిలో పుస్తకం తీసుకుని ఎక్కాను. పై రెండు వరసలు రాసుకున్నాను. మూడో వరసకి పెచ్చు ఊడిపోయి ఉంది, కప్పు కారి చాలా ఏళ్లయినట్టుంది. ప్రతి శనివారం ఎక్కిందాన్ని, నాకు నచ్చిన రెండు మూడు చోట్లే చూసుకుని దిగేదాన్నని అప్పుడు తెలిసింది. మిగతాది పోయిందని కూడా గమనించలేదు. మొత్తం ఇరవైఅయిదేళ్లలో నా పుస్తకంలోకి వచ్చింది నాలుగు పేజీలు. నకలు తీసి నీకూ పంపుతున్నాను. "ఆర్లో వెళ్లిపోయాడు, ఉత్తరపు గాలి" అని ఒకచోట ఉంది చూడు.

మా ఆఫీసు లూమిస్‌కి మారింది. పింఛనుకి ఇంకా మూడేళ్లుంది, అందుకే నీ సముద్రం దగ్గరికి రాలేను. అక్కడ నాకో కొత్త అమ్మాయిని ఇచ్చారు, పని నేర్పమని. నిన్న ఆ పిల్ల తను టైపు చేసిన మొదటి దస్తావేజు చూపించింది. ఆఖర్న ఆ వాక్యం ఉంది. ఎందుకు పెట్టావని అడిగాను. "పాత పుస్తకాలన్నిట్లో మీరు పెట్టారుగా" అంది. తీసెయ్యమన్నాను. ఎందుకో చెప్పమంది. కలం తీసుకుని నేనే దాని మీద గీత పెట్టాను.

రోజూ ఏడింటి బస్సుకి పోతాను. రోడ్డు కొత్తగా వేశారు. మీ తాత కంచరగాడిదలు కోర్టుని లాక్కొచ్చిన దారే అది, మలుపులు కూడా మార్చలేదు. పచ్చటి వెన్న రంగు కంకర, వెండెల్ చివరి ఇంటి దగ్గర మొదలై లూమిస్‌లో కొత్త కోర్టు గుమ్మం దాకా పరిచి ఉంది. మొదటి రోజు నేను బస్సెక్కలేక రోడ్డు పక్కనే నిలబడిపోయాను. డ్రైవరు, "ఎక్కమ్మా, లేటవుతోంది" అన్నాడు. ఎక్కాను.

పోను పదకొండు మైళ్లు, రాను పదకొండు మైళ్లు. ఆదివారం సెలవు.

మీ వదిన
లూయెల్లా